గాజు ఆకురాయి

ఆకురాయి యనగానే మనకు జ్ఞప్తికి వచ్చునది ఉక్కు పనిముట్టు. వడ్రంగి రంపపు పండ్లకు పదును పెట్టునప్పుడును, కంసాలి నగ అంచును నునుపు చేయునప్పుడును దానిని చేతబట్టుదురు. దాని మొగమంతయు సన్నని గాట్లతో నిండి గరుకుగా నుండును. అట్టి పనిముట్టును గాజుతో చేయుదురని చెప్పిన నమ్మబుద్ధి కాదు. చేయి జారినచో పగిలిపోవు గాజు మరియొక వస్తువును ఎట్లు అరగదీయగలదు? అయినను గాజు ఆకురాయి కలదు. ప్లాస్టిక్ నమూనాలను కూర్చువారు నేడు దానిని విరివిగా వాడుచున్నారు. అది ఎట్లు పనిచేయునో, దానిని ఎట్లు వాడవలెనో, ఎట్లు శుభ్రపరచవలెనో ఈ పాఠమున తెలిసికొందము.

మొదట ప్లాస్టిక్ నమూనా లనగా నేమో చూతము. విమానములు, ఓడలు, మోటారు బండ్లు, కథలలోని యంత్రమానవులు మున్నగువాని చిన్న ప్రతిరూపములను ముక్కలు ముక్కలుగా తయారుచేసి, పెట్టెలలో నుంచి అమ్ముదురు. కొన్నవాడు ఆ ముక్కలను తానే వేరుచేసి కూర్చుకొనవలెను. 1936లో ఇంగ్లండు దేశమున ‘ఫ్రాగ్’ అను పేరుతో ఎగురు విమానపు బొమ్మలను అమ్ముచున్న సంస్థ, ప్లాస్టిక్ ముక్కలతో కూర్చుకొను విమాన నమూనాలను వెలువరించెను. ఇవి ఎగురవు, కేవలము చూచి ఆనందించుటకే. కావున వానికి ఎగురలేని పక్షియైన ‘పెంగ్విన్’ పేరు పెట్టిరి. తరువాత ఈ కళ జపాను దేశమున మిక్కిలి వృద్ధి పొందెను. అచ్చటి షిజుఒకా నగరము ఈ పరిశ్రమకు ముఖ్య స్థానము. ఆ నగరమునకు చెందిన తమియా సంస్థ మొదట కొయ్య నమూనాలు చేసి, 1960లో ‘యమాటో’ యుద్ధనౌకతో ప్లాస్టిక్ నమూనాలు ప్రారంభించెను. 1980లో బందాయి సంస్థ ‘గండమ్’ అను యంత్రమానవుని నమూనాను అమ్మకమునకు తెచ్చెను. నేడు అనేక దేశముల బాలురును పెద్దలును ఆ నమూనాలను కూర్చుచున్నారు.

ఈ ముక్కలను పోతపోసి తయారుచేయుదురు. పాలిస్టైరీన్ అను ప్లాస్టిక్‌ను వేడిచేసి కరిగించి, గొప్ప ఒత్తిడితో ఉక్కు అచ్చులోనికి పంపుదురు. అచ్చులో సన్నని కాలువలు ఉండును. కరిగిన ప్లాస్టిక్ ఆ కాలువల వెంట ప్రవహించి ప్రతి ముక్కయొక్క గుంటను నింపును. చల్లారిన పిమ్మట అచ్చు తెరచినచో, కాలువలలో నిలిచిన ప్లాస్టిక్ ఒక చట్రమై యుండును. కొమ్మకు కాయలు తొడిమలతో వ్రేలాడునట్లు, ఆ చట్రమునకు ముక్కలు చిన్న చిన్న తొడిమలతో అంటుకొని యుండును. మనము ముక్కను వేరుచేయుటకు ఆ తొడిమను కోయవలెను. ఎంత జాగ్రత్తగా కోసినను, కోసిన చోట చిన్న మొటిమ మిగిలిపోవును.

ఇంత చిన్న మొటిమకై ఇంత శ్రమ ఎందుకని మీకు సందేహము కలుగవచ్చును. దానికి సమాధానము గణితమే చెప్పును. కథలో గండమ్ ఎత్తు 18 మీటర్లు. దానిని 144వ వంతు పరిమాణమున చేసినచో నమూనా ఎత్తు పన్నెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. ఆ నమూనా భుజముపై అర మిల్లీమీటరు మొటిమ మిగిలినదనుకొనుడు. నిజమైన పరిమాణమున దాని ఎత్తు అరను 144 చేత హెచ్చించగా 72 మిల్లీమీటర్లు, అనగా ఏడు సెంటీమీటర్లకు పైగా నగును. ఒక యంత్రపు భుజముపై ఏడు సెంటీమీటర్ల బుడిపె నిలిచియున్న ఎట్లుండునో ఊహింపుడు! వస్తువు చిన్నదైన కొలది దానిలోని లోపము పెద్దదిగా కనబడును. అంతియే కాదు. రెండు ముక్కలు కలియు చోట మొటిమ యున్నయెడల అవి సరిగా అతుకవు. నడుమ సందు మిగులును.

మొటిమను తీయుటకు పెక్కు మార్గములు కలవు. చాకుతో చెక్కినచో పనియైతే త్వరగా నగును గాని, ఒక్క క్షణము ఏమరిన చాకు లోతుగా దిగి పల్లము పడును. మొటిమను తీయవచ్చును గాని, పల్లమును పూడ్చుట కష్టము. బలముగా కోసిన చోట ప్లాస్టిక్ సాగి, లోపల కంటికి కానరాని సన్నని చీలికలు ఏర్పడి, తెల్లని మచ్చ తేలును. వడ్రంగులు ఉప్పుకాగితమని పిలుచు గరుకు కాగితమును వాడవచ్చును. కాని దానిపై జిగురుతో అంటించిన కఠినమైన రేణువులు ప్లాస్టిక్‌పై గీతలు పెట్టును. ఆ గీతలు పోవుటకు అంతకంటె సన్నని కాగితము, ఆ గీతలు పోవుటకు మరియు సన్నని కాగితము, ఇట్లు మూడు నాలుగు మారులు రాయవలసి వచ్చును. కాగితము మెత్తనిది గాన వంగి, పదునైన అంచులను గుండ్రముగా అరగదీయును. ఈ చిక్కులను చాలవరకు తొలగించునదే గాజు ఆకురాయి.

ఒక వస్తువు మరియొక దానిని గీయగలదా లేదా అనునది వాని కాఠిన్యముపై ఆధారపడి యుండును. 1812లో ఫ్రెడరిక్ మోస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఖనిజముల కాఠిన్యమునకు ఒక కొలమానము ఏర్పరచెను. దానిలో అతి మెత్తనిదైన బలపపు రాయి 1, అతి కఠినమైన వజ్రము 10. ఆ కొలమానమున గాజు 5కును 6కును నడుమ నుండును. మన గోరు రెండున్నర ప్రాంతమున నుండును. పాలిస్టైరీన్ గాజు కంటె ఎంతో మెత్తనిది. కావున గాజునకు పండ్లు ఉన్నచో అది ప్లాస్టిక్‌ను సులభముగా అరగదీయగలదు. గాజు పగులునన్న మాట నిజమే. కాని పగులుట వేరు, అరుగుట వేరు.

ఆ పండ్లు ఎట్లు వచ్చును? గాజును కరిగించు ఆమ్లము ఒకటి కలదు. దాని పేరు హైడ్రోఫ్లోరికామ్లము. గాజు పలకపై కొంత భాగమును ఆమ్లమంటని పూతతో కప్పి, మిగిలిన భాగమును ఆమ్లముచే తినిపించినచో, అతి సన్నని గట్లును పల్లములును ఏర్పడును. ఈ ఆమ్లము మిక్కిలి ప్రమాదకరమైనది. తగిన రక్షణ గల కర్మాగారములలో తప్ప దానిని తాకరాదు. గోళ్ళు రాచుకొనుటకు వాడు గాజు ఆకురాళ్ళకు, గాజుపనిలో పేరుగాంచిన చెక్ దేశము ప్రసిద్ధి. నమూనాలకు వాడు ఆకురాయియు ఆ జాతిదే. దాని పండ్లు జిగురుతో అంటించిన రేణువులు కావు, గాజులో భాగములే. కావున అవి రాలిపోవు. అన్నియు సమానమైన ఎత్తున నుండుటచే ప్లాస్టిక్‌పై లోతైన గీతలు పడవు. పలక వంగదు గాన సమతలము సమతలముగానే నిలుచును.

ఇక వాడు విధానము. మొదట నిప్పరుతో తొడిమను ముక్కకు దూరముగా కోయవలెను. ముక్క చట్రమునుండి విడిపోయిన పిమ్మట, మిగిలిన తొడిమను మరల కోసి, సుమారు అర మిల్లీమీటరు మాత్రము మిగుల్చవలెను. ముక్కను ఎడమచేతి వ్రేళ్ళతో గట్టిగా పట్టుకొని, ఆకురాయిని మొటిమపై సమముగా ఆనించి, తేలికగా ముందునకు వెనుకకు నడపవలెను. బలము ప్రయోగింపరాదు, కోయుపని పండ్లు చేయును, చేయి దారి చూపిన చాలును. నాలుగైదు మారులు రాచిన వెంటనే ఆగి చూడవలెను. వ్రేలి కొనతో తడిమినచో మొటిమ తగులకున్న పని ముగిసినట్లే. ఆపైన రాచినచో ముక్క రూపమే చెడును. వంపు తిరిగిన తలములకు, లోపలి మూలలకు ఈ గట్టి పలక సరిపడదు; అచ్చట మెత్తని స్పాంజిపై అంటించిన గరుకు కాగితము మేలు. బంగారు, వెండి పూత గల ముక్కలను రాచినచో పూత లేచిపోవును.

ఇప్పుడు ఒక బాలుని ఊహించుకొందము. అతడు కొత్తగా గాజు ఆకురాయి కొన్నాడు. మొదటి దినమున అది వెన్నను కోసినట్లు పనిచేసెను. పది ముక్కలైన పిమ్మట దాని వాడి తగ్గినట్లు తోచెను. అతడు మరింత అదిమి రాచెను. మరికొన్ని ముక్కలైన పిదప అది జారిపోవుట మొదలిడెను. అతడు విసుగు చెంది, శక్తికొలది వేగముగా రాచెను. భుజపు ముక్కపై మొటిమ పోలేదు సరిగదా, చుట్టును ప్లాస్టిక్ మెత్తబడి మసకబారెను. అంచు ఒకటి గుండ్రమైపోయెను. అట్టి ముక్క మరల దొరకదు. ‘ఈ ఆకురాయి మొద్దుబారినది’ అని అతడు దానిని పారవేసెను. కాని ఆకురాయి మొద్దుబారలేదు. దాని పల్లములు ప్లాస్టిక్ పొడితో నిండిపోయినవి, అంతియే!

ఇందలి కారణము గ్రహింపుడు. పండ్లు కోసిన పొడి గట్ల నడుమ నున్న పల్లములలో చేరును. రాపిడిచే ప్లాస్టిక్ పొడికి విద్యుదావేశము కలుగుటవలన అది గాజును అంటిపెట్టుకొని యుండును. పల్లములు నిండినచో పండ్ల కొనలు పొడిలో మునిగిపోవును. అప్పుడు ప్లాస్టిక్‌ను రాచునది గాజు కాదు, ప్లాస్టికే. అదిమిన కొలది, వేగము పెంచిన కొలది వేడి పుట్టును. పాలిస్టైరీన్ సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మెత్తబడును. మెత్తబడిన పొడి పల్లములలో మరింత గట్టిగా అతుకుకొనును. కావున ఆకురాయి జారుచున్నదన్న బలము పెంచుట కాదు, పని ఆపి దానిని శుభ్రపరచుట కర్తవ్యము.

శుభ్రపరచుట బహు సులభము. ఆకురాయిని వెలుతురునకు ఏటవాలుగా పట్టి చూడుడు. శుభ్రమైనది అంతటను ఒకే తీరున మసకగా మెరయును. పొడి పట్టినచోట ప్లాస్టిక్ రంగు చారలు కనబడును. రెండు మూడు ముక్కలకు ఒకసారి పాత పండ్లబ్రష్షుతో, గట్ల వెంబడి, మెల్లగా తుడువవలెను. పొడి మొండిగా నున్నయెడల, అంటుకొను టేపును దానిపై అదిమి పైకి లాగినచో చాలవరకు టేపుతో వచ్చును. దినపు పని ముగిసిన పిమ్మట ఒక గిన్నెలో గోరువెచ్చని నీరు పోసి, ఒక చుక్క సబ్బు కలిపి, అందులో ఆకురాయిని కొంతసేపు నాననిచ్చి బ్రష్షుతో రుద్దవలెను. మంచినీటితో కడిగి, మెత్తని శుభ్రమైన గుడ్డతో తుడిచి, బాగుగా ఆరనీయవలెను. గాజు తుప్పు పట్టదు గాన నీటికి భయపడ నక్కరలేదు.

చేయరాని పనులును కొన్ని కలవు. మన ఇండ్లలో పాత్రలను ఇసుకతో తోము వాడుక కలదు. గాజు ఆకురాయిని అట్లు తోమరాదు. ఇసుకలోని స్ఫటికశిల కాఠిన్యము 7. అది గాజు పండ్లను అరగదీయును. గరుకు కాగితమును, ఆకురాయిని ఒకే పెట్టెలో కలిపి ఉంచరాదు. కాగితముపై రేణువులు గాజు కంటె కఠినమైనవి. ఉక్కు తీగెల బ్రష్షుతోగాని చాకు మొనతోగాని పల్లములను గీకరాదు. చల్లని గాజుపై మరుగు నీరు పోసినచో పగులవచ్చును. రంగులను పలుచన చేయు ద్రావకములతో కడుగరాదు. అవి ప్లాస్టిక్ పొడిని కరిగించి బంకవలె పులుమును. వాని ఆవిరి నిప్పంటుకొనును, శ్వాసకు హాని చేయును.

మరి రెండు జాగ్రత్తలు. ప్లాస్టిక్ పొడి మిక్కిలి సన్ననిది, దానిని పీల్చరాదు. నోటితో ఊదక, తడిగుడ్డతో బల్లను తుడువవలెను. ముక్కునకు ముసుగు కట్టుకొనుట మేలు. కడిగిన నీటిని అట్లే కాలువలో పారబోయరాదు. ఆ పొడి కుళ్ళి మట్టిలో కలిసిపోవునది కాదు; కాలువనుండి చెరువునకు, చెరువునుండి చేపల కడుపునకు చేరవచ్చును. కావున ఆ నీటిని మడత పెట్టిన పాతగుడ్డలో వడగట్టి, గుడ్డతో సహా పొడిని చెత్తబుట్టలో వేయవలెను. ఆకురాయి చేయిజారి పగిలినచో ముక్కలను వ్రేళ్ళతో ఏరక, మందమైన కాగితముతో కూడదీసి పొట్లము కట్టి పారవేయవలెను.

పని చక్కగా సాగనప్పుడు మనము ఆ బాలునివలె బలము పెంచుదుము, లేదా పనిముట్టును నిందింతుము. ఆగి దాని మొగము చూచువారు కొందరే. గాజు ఆకురాయి విషయమున ఆ చూపునకు పట్టు కాలము అర నిమిషము. కడుగుటకు పట్టు కాలము అయిదు నిమిషములు. పనియైన వెంటనే దానిని కడిగి, తుడిచి, మెత్తని ఒరలో పెట్టి, పెట్టెలో భద్రపరచుడు. మరునాడు తీసినప్పుడు అది కొన్ననాటివలెనే పనిచేయును.