ఆగకూడదని పుట్టిన యంత్రం

1970లలో బ్యాంకు కంప్యూటర్ ఆగితే లావాదేవీలన్నీ ఆగిపోయేవి. ముందుజాగ్రత్తగా రెండో కంప్యూటర్ కొనిపెట్టుకున్నా, పనిని దాని మీదికి మళ్లించడానికే బోలెడు సమయం పట్టేది. మొదటిది పాడయ్యే రోజు వచ్చేదాకా అంత ఖరీదైన యంత్రం ఊరికే పడి ఉండేది.

హ్యూలెట్-ప్యాకార్డ్‌లో పనిచేసి వచ్చిన జిమ్మీ ట్రేబిగ్ 1974లో కాలిఫోర్నియాలో టాండెమ్ కంప్యూటర్స్ సంస్థను పెట్టాడు. వాళ్ల తొలి యంత్రం టాండెమ్-16 రెండేళ్లకు సిటీబ్యాంకుకు చేరింది. పాడవని విడిభాగాలు ఉండవని ముందే ఒప్పుకుని గీసిన నమూనా అది. దాని గొప్పతనమంతా అక్కడే ఉంది.

అందులో 2 నుంచి 16 దాకా ప్రాసెసర్లు ఉండేవి. దేని మెమరీ దానిదే. వాటి మధ్య సందేశాలు నడవడానికి రెండు దారులు. ఒకటి తెగినా రెండోది ఉంటుంది. ప్రతి ప్రాసెసరూ సెకనుకోసారి ‘బతికే ఉన్నాను’ అని మిగతావాటికి కబురు పంపాలి. కబురు రాకపోతే అది పోయినట్టే లెక్కగట్టి, మిగిలినవి దాని పనిని అందుకునేవి. తనలో తేడా ఉందని పసిగట్టిన ప్రాసెసర్ అక్కడికక్కడే ఆగిపోవాలి. తప్పుడు లెక్కను పక్కవాటికి అంటించే ప్రాసెసర్ కంటే చప్పున చచ్చిపోయేదే మేలు.

ఖాతాదారు డబ్బు తీసుకుంటున్నాడనుకుందాం. ఆ పని చూసే ప్రోగ్రాంకు మరో ప్రాసెసర్‌లో ఒక జంట ఉంటుంది. ముఖ్యమైన ప్రతి మెట్టు దగ్గరా అసలుది తన స్థితిని జంటకు పంపుతుంది. మధ్యలో అసలుది కూలితే, జంట ఆ మెట్టు నుంచే అందుకుంటుంది. డిస్కులూ జంటలే. చెడిన బోర్డును యంత్రం నడుస్తుండగానే ఊడదీసి కొత్తది పెట్టవచ్చు.

జంటలో ఉన్నదీ అదే ప్రోగ్రాం కదా, అదే బగ్ దాన్నీ కూల్చదా? అప్పట్లో టాండెమ్‌లోనే పనిచేస్తున్న జిమ్ గ్రే 1985లో వెలువరించిన నివేదికలో దీనికి ఆశ్చర్యకరమైన జవాబు దొరుకుతుంది. ప్రింటింగ్ పనులు చూసే స్పూలర్‌లో నమోదైన 132 సాఫ్ట్‌వేర్ లోపాల్లో మళ్లీ నడిపినా వదలనిది ఒక్కటే! మిగతావన్నీ ఏదో ఒక క్షణంలో అరుదుగా కుదిరిన పరిస్థితుల వల్ల పుట్టినవి. మళ్లీ మొదలుపెడితే ఆ క్షణం తిరిగి రాదు. గట్టిగా పరీక్షించి పంపిన ప్రోగ్రాంలలో మిగిలేవి ఎక్కువగా ఇలాంటివే.

అదే నివేదికలో గ్రే 2,000కు పైగా టాండెమ్ వ్యవస్థల వైఫల్యాలను పరిశీలించాడు. కొత్త ఉత్పత్తుల తొలినాటి లోపాలను పక్కనపెడితే, హార్డ్‌వేర్ వల్ల ఆగినవి 18 శాతం, సాఫ్ట్‌వేర్ వల్ల 25 శాతం. నిర్వహణ, మరమ్మతు, సెట్టింగుల మార్పుల దగ్గర మనుషుల చేతుల్లో జరిగినవి 42 శాతం. ప్రాసెసర్‌కు జంటను పెట్టినంత తేలిగ్గా ఆపరేటర్‌కు పెట్టలేం. అందుకే గ్రే ఆపరేటర్ల మీద నేరం మోపలేదు. వాళ్లు చేయాల్సిన పనులనే తగ్గించమన్నాడు. యంత్రం తన సెట్టింగులను తానే అమర్చుకోవాలి, మనిషి నిర్ణయం తప్పనిసరైన చోట మాత్రం సూటిగా, తికమక లేకుండా అడగాలి.