మీకు తెలుసా? వల కన్ను ఆకారం మారితే చేపపిల్ల బతుకుతుంది

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు, ఇంజన్ బోట్ల వేటకు నిషేధం. 2015కు ముందు ఇది 47 రోజులే. చాలా రకాల చేపలు గుడ్లు పెట్టే కాలమిది. ఇంజన్ లేని తెప్పలకు మినహాయింపు ఉంది, అది న్యాయం కూడా.

మిగతా పది నెలల సంగతే బెంగ. సముద్రం అడుగును ఊడ్చుకుపోయే ట్రాల్ వల చివరి సంచికి సాధారణంగా డైమండ్ ఆకారపు కన్నులుంటాయి. బోటు లాగేకొద్దీ అవి సాగి మూసుకుపోతాయి. వేలెడంత చేపపిల్ల కూడా తప్పించుకోలేదు. అదే చదరపు కన్నులైతే లాగుతున్నా తెరుచుకునే ఉంటాయి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ సిఫారసు చేసేదీ వీటినే. వలంతా మార్చనక్కర్లేదు, ఆ సంచి ఒక్కటి మారిస్తే చాలు. ఆ ఖర్చు మత్స్యకారుల మీద వేయకుండా ప్రభుత్వమే భరించాలి.