మరమనిషిలోని బాలుడు

పిల్లల వినోదమునకై నిర్మించిన బొమ్మల చిత్రములో యుద్ధమును ఎట్లు చూపవలెను? వీరుడు గెలుచును, దుష్టుడు ఓడును, పిల్లలు చప్పట్లు చరతురు. ఇంతకుమించి ఏముండవలెనని మనలో పలువురు తలంతుము. జపాను దేశమున 1979వ సంవత్సరమున వెలువడిన ఒక టెలివిజను ధారావాహిక ఇందుకు భిన్నమైన సమాధానమునిచ్చినది. దాని పేరు ‘మొబైల్ సూట్ గండమ్’. మన భాషలో గండమనగా ప్రాణాపాయము. ఆ పేరునకును మన మాటకును చుట్టరికమేమియు లేదు. అయినను కథకు మాత్రము ఈ అర్థము చక్కగా అమరినది.

జపానులో మరమనుషుల కథలు అంతకు మునుపే కలవు. 1956లో యొకొయామా మిత్సుతెరు బొమ్మల కథగా వ్రాయ నారంభించిన ‘టెట్సుజిన్ 28’లో ఒక బాలుడు చేతిలోని చిన్న యంత్రముతో ఉక్కు మనిషిని దూరమునుండి నడపును. 1972లో నగాయ్ గో సృష్టించిన ‘మజింగర్ జడ్’లో కుర్రవాడు మరమనిషి తలలోనే కూర్చుండి దానిని నడపును. బయట నిలిచి ఆజ్ఞాపించిన బాలుడు ఈ విధముగా యంత్రము లోపలికి ప్రవేశించెను. కాని వారమునకొక రాక్షసయంత్రము వచ్చుట, వీరుడు దానిని పడగొట్టుట అను పద్ధతి మారలేదు. ఇట్టి ధారావాహికలకు బొమ్మల వ్యాపారులు ధనసహాయము చేసెడివారు గనుక ప్రతివారము కొత్త ఆయుధము కనబడుట వారికి లాభము.

గండమ్‌కు దర్శకుడు తొమినో యొషియుకి. పాత్రల రూపములు యసుహికొ యొషికజు గీసినవి. యంత్రముల రూపకల్పన ఒకవరా కునియోది. కథాకాలమునకు జనులలో పెక్కురు భూమిని విడిచి అంతరిక్షమున గొట్టములవంటి మహానగరములలో కాపురముందురు. ఈ నగరముల ఊహ గాలిలో పుట్టినది కాదు. అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు జెరార్డ్ ఓనీల్ 1974లో ప్రకటించిన ప్రణాళిక దీనికి ఆధారము. భూమికి మిక్కిలి దూరమున నున్న నగరసమూహము జియాన్ అను పేర స్వతంత్ర రాజ్యమై భూసమాఖ్యపై యుద్ధము ప్రకటించును. ఇంచుమించు ఒక నెలలో ఉభయపక్షములును తమ జనములో సగమును పోగొట్టుకొనును. కథ అటుపిమ్మట మొదలగును.

ఇందు రాక్షసులు లేరు. ఎదుటి పక్షమువారును మనుష్యులే. వారికిని స్నేహములును, దుఃఖములును, అభిమానములును కలవు. కథానాయకుడు అమురో రే పదునైదేండ్ల బాలుడు. యంత్రముల యందు ఆసక్తి తప్ప పోరాటమన్న ఎరుగడు. తన ఊరిపై శత్రువులు దాడి చేసి ఇరుగుపొరుగువారు కన్నులయెదుట చచ్చిపోవుచుండగా, నేలపై పడియున్న వివరణ పుస్తకము చేతబట్టుకొని, పదునెనిమిది మీటర్ల ఎత్తుగల గండమ్ లోనికి ఎక్కును. దానిని రూపొందించినవారిలో అతని తండ్రియు ఒకడు. పెద్ద అధికారులు మరణించినందున ఓడను నడపు భారము పంతొమ్మిదేండ్ల బ్రైట్ నోవాపై పడును. పిల్లలకు పిల్లలే సేనాపతులు!

యుద్ధము సాగిన కొలది అమురో అలసిపోవును. ఇక పోరాడనని మొండికెత్తిన ఒకనాడు బ్రైట్ అతనిని చెంపపై కొట్టును. మరొక భాగమున బాలుడు చిరకాలమునకు తల్లిని కలిసికొనును. ఆమె యెదుటనే అతడొక శత్రుసైనికునిపై తుపాకి పేల్చును. తన బిడ్డ ఇట్లయ్యెనే యని ఆమె కుమిలిపోవును. తల్లిని విడిచి అతడు ఓడకు మరలిపోవును. ఆ ఘట్టములో ఎవరిని నిందింపవలెనో మనకు తోచదు. పేల్చనిచో అతడు బ్రతుకడు. పేల్చినచో తల్లికి మునుపటి బిడ్డ దక్కడు.

ఈ కథ ఏ దేశమున పుట్టినదో మరువరాదు. తొమినో జన్మించిన 1941లోనే జపాను అమెరికాతో యుద్ధమునకు దిగెను. 1943లో కళాశాల విద్యార్థులకు సైన్యమునుండి గల మినహాయింపును తొలగించిరి. 1944 అక్టోబరు మొదలు విమానముతో సహా శత్రునౌకలపై పడి మరణించుటకు యువకులను పంపిరి. వారిలో ఇరువదేండ్లు నిండనివారును కలరు. యంత్రమునందు కుర్రవానిని కూర్చుండబెట్టి యుద్ధమునకు పంపుట ఆ దేశపు పెద్దలకు కట్టుకథ కాదు, కన్నకథ.

1979 ఏప్రిల్ 7న నగోయా టెలివిజనులో ప్రసారము మొదలైనప్పుడు ఆదరణ అంతంతమాత్రమే. 52 భాగములుగా తలపెట్టిన ధారావాహికను 43 భాగములకు కుదించి 1980 జనవరి 26న ముగించిరి. ఆ ఏడు జూలైలో బందాయ్ కంపెనీవారు 300 యెన్‌ల వెలకు ప్లాస్టిక్ ముక్కలు జతపరచు బొమ్మలను విడుదల చేయగా వానికై పిల్లలు ఎగబడిరి. 1981, 1982 సంవత్సరములలో ఇదే కథ మూడు చలనచిత్రములుగా వచ్చి విజయము గాంచెను. 2009లో టోక్యోలో పదునెనిమిది మీటర్ల గండమ్ విగ్రహమును నిలిపిరి.

ఇందొక చిక్కు కలదు. యుద్ధపు వ్యథను చెప్పిన కథ యుద్ధయంత్రపు బొమ్మల అమ్మకముచే బ్రతికినది. బొమ్మను ముద్దాడు పిల్లవాడు కథలోని బాధను గ్రహించునా యను సంశయము మాకును కలుగుచున్నది. అయితే దీనికి కథ చివరి భాగములోనే ఒక జవాబున్నది. తలయు, చేయియు తెగిపడిన గండమ్‌ను అమురో శత్రుదుర్గములోనే విడిచిపెట్టి, మంటలు దాటి, తనకై ఎదురుచూచు నేస్తముల చెంతకు చేరును. అంతటి యంత్రమును పోగొట్టుకొనినందుకు అక్కడ ఒక్కరును చింతింపరు. బాలుడు తిరిగివచ్చినాడు, అది చాలును.

మన యిండ్లలో పిల్లలు ఇట్టి చిత్రములను చూచునప్పుడు పెద్దలును కొంతసేపు ప్రక్కన కూర్చుండుట మంచిది. ఎవరు గెలిచిరని అడుగుటకు ముందు, ఆ మరమనిషి లోపల ఎవరున్నారో అడుగుదము.