షోలాపురపు నేతపేటలు - బీడు స్థలములలో బతుకమ్మ పూలు

బతుకమ్మను పేర్చుటకు వలసిన ముఖ్యమైన పూలు తోటలలో పండునవి కావు. తంగేడు బీడునేలలది, గునుగు జొన్నచేలలోని కలుపు. తెలంగాణ జిల్లాలనుండి మగ్గమును నమ్ముకొని షోలాపురమునకు తరలిపోయిన పద్మశాలి కుటుంబములు పండుగను వెంట గొనిపోయినవి గాని, ఆ పూలు పూచు బీడును గొనిపోజాలకపోయినవి. సాఖర్ పేఠ, భవానీ పేఠ మున్నగు నేతపేటలలో ఇల్లే కార్ఖానా. మగ్గమునకు పోగా మిగిలిన చోటే పడక. వాకిట స్త్రీలు బీడీలు చుట్టుదురు. పెరడన్న మాటకే తావు లేదు. అయినను నేల బొత్తిగా లేదనరాదు. గోడకును బాటకును నడుమ మూరెడు పట్టీ, మురుగుకాలువ గట్టు, కూలిన షెడ్డు ఆవరణ, వ్యాజ్యమున చిక్కిన ఖాళీ స్థలము - ఇట్టివి మిగిలియే యుండును. ఇవి ఎవరివో అందరు నెరుగుదురు, ఎవరును పట్టించుకొనరు.

ఇట్టి చోట్ల అనుమతికై వేచియుండక మొక్కలు పెంచుటను పాశ్చాత్యులు 'గెరిల్లా తోటపని' అందురు. 1973లో న్యూయార్కు నగరమున లిజ్ క్రిస్టీ అను చిత్రకారిణియు, ఆమె మిత్రులును 'గ్రీన్ గెరిల్లాస్' అను పేర చేరి, విత్తనములు, ఎరువు, నీరు నింపిన బుడగలను పాడుపడిన స్థలముల కంచెలమీదుగా విసరిరి. బవరీ, హ్యూస్టన్ వీథుల కూడలిలో చెత్తనెత్తివేసి తోట వేసిరి. మరుసటి యేట నగరపాలకులే ఆ స్థలమును నెలకొక డాలరు అద్దెకు వారి కిచ్చిరి. పేరు క్రొత్తదే గాని పని క్రొత్తది కాదు. ప్రహరీ వెలుపల మునగకొమ్మ గ్రుచ్చిన తెలుగు ఇల్లాలు ఎవరి అనుమతి నడిగినది?

బీడును ఊరక వదలినచో అది ఊరకుండదు, వయ్యారిభామ ఆక్రమించును. ఈ కలుపు మన దేశమున మొట్టమొదట 1955లో పుణెలో కనబడినది. అచటినుండి దేశమంతట ప్రాకినది. దీని పుప్పొడి ఉబ్బసమును, ఆకు స్పర్శ చర్మరోగమును కలిగించును. పగలెల్ల నూలుధూళిని పీల్చు నేతగానికి ఇది రెండవ దెబ్బ. దానిని పెరికివేసినంత మాత్రమున చాలదు. ఖాళీ అయిన నేలలో అదియే మరల మొలచును. దాని చోట వేరొకటి నిలువవలెను. తంగేడునకు దగ్గరి చుట్టమైన తగిరిస వయ్యారిభామను అణచునని పరిశోధకులు గుర్తించియున్నారు.

తంగేడునకు మరియొక గుణము కలదు. షోలాపురము వర్షచ్ఛాయలోని ఊరు. కుళాయినీరు కొన్నిదినముల కొకమారు వచ్చుట అచటివారికి వింత కాదు. ఇంట త్రాగునీరు కొలుచుకొనుచు వీథిలోని మొక్కకు బిందెడు పోయుమనుట న్యాయము గాదు. తంగేడు వేరూనిన పిదప వాననీటితోనే బ్రతుకును. గునుగు తొలకరికి మొలచి, పండుగనాటికి వెండికంకులు వేయును. అద్దకపు కార్ఖానాల నీరు మాత్రము దేనికిని పోయరాదు. అందలి ఉప్పు, సోడా నల్లరేగడిని గట్టిపరచును. ఆకుకూరలకు పోసినచో ఆ రంగులు కడుపులోనికే చేరును.

1975 నాటి మహారాష్ట్ర పట్టణ వృక్షసంరక్షణ చట్టము ప్రకారము చెట్టును నరకుటకు అధికారి అనుమతి కావలయును. కావున పరుల స్థలమున వేపయో రావియో నాటుట మేలుచేయుట కాదు, తగవు నాటుట. తంగేడు పొద, గునుగు ఒక్క యేటి మొక్క. స్థలము గలవాడు ఇల్లు కట్టదలచిననాడు అవి అడ్డురావు. అయినను అడుగదగిన యజమాని పొరుగుననే యున్నచో ఒక మాట అడుగుటయే మర్యాద.

తంగేటి విత్తునకు పెంకు గట్టి. వేడినీట వేసి, ఒక రాత్రి నాననిచ్చి, తొలివానలకు వేలిలోతున నాటవలెను. జపానుదేశపు వ్యవసాయవేత్త ఫుకువోకా వలె బంకమన్నులో చుట్టి యెండబెట్టి విసరినను చెల్లును. గునుగు విత్తు ఆవగింజకంటె చిన్నది. లోతున పడిన మొలవదు. పైపైని చల్లిన చాలును. పండుగనాడు కంకులన్నియు కోసినచో మరుసటి యేటికి విత్తనముండదు. బతుకమ్మతో కూడ అదియు నీటి పాలగును. మొక్క కొకటి రెండు కంకులు విడిచి, కార్తికమున అవి యెండిన పిమ్మట అరచేత నలిపిన నల్లని మెరుగుగింజలు రాలును. వానిని గుడ్డలో మూటగట్టి తడి తగులని చోట నుంచినచో వచ్చు మృగశిర కార్తెదాక నిలుచును.