ఫిట్స్ అన్నీ మూర్ఛ రోగం కాదు

గన్నవరం చుట్టుపక్కల పాడి ఉన్న ఇళ్లలో పాలజ్వరం తెలియనివాళ్లు ఉండరు. ఈనిన ఒకటి రెండు రోజుల్లో గేదె కాళ్లు వణికి కూలబడుతుంది. పేరులో జ్వరం ఉన్నా ఒళ్లు చల్లబడుతుంది. క్యాల్షియమంతా పాలలోకి పోయి నెత్తురులో తగ్గిపోవడమే కారణం. పశువుల డాక్టరు క్యాల్షియం ఎక్కించగానే చాలావరకు లేచి నిలబడుతుంది.

అదే చంటిబిడ్డకు ఫిట్స్ వస్తే మాత్రం మనకు క్యాల్షియం గుర్తుకు రాదు. మూర్ఛ రోగమని భయపడతాం. ఆడపిల్లయితే నలుగురికీ తెలుస్తుందేమోనని దాచిపెడతాం కూడా.

మెదడు కణాలు కరెంటు సంకేతాలతో పనిచేస్తాయి. వాటికి తిండి చక్కెర. సోడియం, క్యాల్షియం వంటి లవణాలు సరిపాళ్లలో ఉండాలి. ఏది తప్పినా ఫిట్స్ రావచ్చు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు జ్వరంతో వచ్చేవి చాలావరకు ప్రమాదం లేనివే. జ్వరం లేకుండా వస్తే మాత్రం ఈ లెక్కలన్నీ తప్పక చూడాలి. విరేచనాలప్పుడు లీటరు నీళ్లలో కలపాల్సిన ఓఆర్ఎస్ ప్యాకెట్టును గ్లాసుడు నీళ్లలో కలిపినా సోడియం పెరిగి ఫిట్స్ రావచ్చు.

పాలు తాగే బిడ్డలో క్యాల్షియం తగ్గడానికి తరచూ మూలం విటమిన్ డి లోపం. తల్లిలో లేనిది బిడ్డకు ఎక్కడి నుంచి వస్తుంది? మనకు ఎండకు కొదవా అనుకోవద్దు. తిరుపతి స్విమ్స్ వైద్యుల పరిశోధనల్లో పల్లెవాసుల్లోనూ ఈ లోపం బయటపడింది. అందుకే పుట్టినప్పటి నుంచి రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు వేయమంటారు.

ఇక థైరాయిడ్. అది నేరుగా ఫిట్స్ తెప్పించడం అరుదు. దాని వెనకే బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు నాలుగుంటాయి. క్యాల్షియాన్ని అదుపులో ఉంచేవి అవే. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఇంకో చిక్కు: ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ వల్ల కూడా థైరాయిడ్ రిపోర్టులో టీఎస్‌హెచ్ అనే హార్మోను పెరగవచ్చు. రిపోర్టు చూసి భయపడి ఆ మందు మానేస్తే ఫిట్స్ తిరగబెడతాయి. డాక్టరును అడగకుండా ఒక్క పూట కూడా ఆపకండి.

మేనరికం ఉన్న ఇళ్లలో పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలనూ గుర్తుంచుకోవాలి. హైదరాబాద్‌లోని నాలుగు ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది శిశువులను పరీక్షించి, 2004లో ఫలితాలు ప్రచురించారు. పుట్టుకతో థైరాయిడ్ లోపం 1,700 మందిలో ఒకరికి కనిపించింది. జీవక్రియ లోపాలు వెయ్యిలో ఒకరికి ఉన్నాయి. వీటిలో కొన్నింటికి మందు చాలా తేలిక. బయోటినిడేజ్ లోపంతో ఫిట్స్ వచ్చి, జుట్టు రాలే బిడ్డకు రోజూ బయోటిన్ ఇస్తే చాలు. ఆలస్యమైతే మాత్రం పోయిన చూపూ వినికిడీ తిరిగి రాకపోవచ్చు. మీది మేనరికమైతే, డాక్టరు అడగకపోయినా ఆ మాట మీరే చెప్పండి.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో ఏమీ కుక్కకండి. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి చేరగానే వేలి నుంచి తీసిన నెత్తురు చుక్కతో చక్కెర చూడమనండి. క్యాల్షియం, సోడియం కూడా చూశారా అని అడగండి.