భోజనాలయ్యాక మొదలయ్యే పాఠం

1919 ఫిబ్రవరి చివర్లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలో ఉన్నారు. దక్షిణాదిలో ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చి అలసిపోయి, అక్కడి థియసాఫికల్ కాలేజీలో నాలుగు రోజులు విశ్రాంతిగా ఉందామని వచ్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ కవి. ఒక రాత్రి పిల్లలూ పంతుళ్లూ చేరి పాటలు పాడుకుంటుంటే ఠాగూర్ కూడా వాళ్లతో కూర్చుని, తాను రాసిన బెంగాలీ పాట ఒకటి పాడారు. అదే జనగణమన. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం చదువుకున్నావిడ. ఆమె ఆ బాణీకి స్వరాలు రాసిపెట్టారు. ఫిబ్రవరి 28న ఠాగూర్ ఆ పాటను తానే ఇంగ్లీషు చేసి, ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టారు.

కోలారు జిల్లా సరిహద్దు దాటితే వచ్చే ఊరికీ, రోజూ బడిలో పాడే పాటకూ ఇంత చుట్టరికం ఉందంటే మా తొమ్మిదో తరగతి పిల్లలు నమ్మలేదు. ‘మదనపల్లె అంటే టమాటా మండీ కదా సార్!’ అన్నారు.

ఇక్కడ మేము గమనించమని కోరేది ఒకటుంది. ఆ రాత్రి జరిగింది సభ కాదు. వేదిక లేదు, పూలదండ లేదు. అతిథి కాలేజీ ఆవరణలోనే ఉన్నారు, చదువుకునే పిల్లలూ చుట్టుపక్కలే ఉన్నారు. పగటి కాలేజీలో పదకొండింటికి ఉపన్యాసం పెడితే సగం మంది చూపు గడియారం మీదే ఉంటుంది, తర్వాత బస్సు తప్పిపోతుందని. హాస్టల్ ఉన్న చోట ఆ తొందర లేదు. సభలో నోరు విప్పని పిల్ల భోజనాల వరసలో అతిథి పక్కన నిలబడి అడుగుతుంది. ఆయన వెళ్లిపోయాక గదుల్లో అర్ధరాత్రి దాకా వాదనలు నడుస్తాయి.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో కాలేజీ అంటే విద్యార్థులు ఉండే, తినే, చదివే చోటు. అతిథుల ప్రసంగాలు అక్కడ పాత ఆచారం. 1926లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్‌లోని మాంచెస్టర్ కాలేజీలో అప్టన్ ఉపన్యాసాలిచ్చారు. ‘ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్’ పుస్తకం వాటి నుంచి వచ్చిందే. ఆయన పుట్టింది తిరుత్తణిలో, తెలుగు మాట్లాడే ఇంట్లో. తమిళనాడు పాఠకులకు ఇది కొత్త సంగతేమీ కాదు. 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ అయిన రాధాకృష్ణన్ హయాంలోనే, 1933లో, ఠాగూర్ వాల్తేరు వచ్చి ప్రసంగించారు. ఆ ప్రసంగాలను విశ్వవిద్యాలయం ‘మ్యాన్’ పేరుతో అచ్చువేసింది. అతిథిగా వెళ్లి వచ్చిన మనిషికి అతిథిని పిలవడంలోని విలువ తెలియకుండా ఉంటుందా?

మన పిల్లల సంగతికి వద్దాం. ఇంటర్ తర్వాత కొందరు హాస్టల్ చదువులకు వెళ్తున్నారు. మైసూరులో 1963లో మొదలైన ప్రాంతీయ విద్యా సంస్థనే చూడండి. దక్షిణాది రాష్ట్రాలతో పాటు పుదుచ్చేరి కూడా దాని పరిధిలోదే కనుక యానాం పిల్లలకూ అక్కడ చోటుంది. ఇలాంటి చోట్లకు వెళ్లిన మన తెలుగు మాధ్యమం పిల్లలు తెలివి తక్కువై కాదు, ఇంగ్లీషు తడబడుతుందన్న బెరుకుతో వెనక వరసలో కూర్చుంటారు.

మా బడిలో చదివి హాస్టల్ కాలేజీకి వెళ్లిన ఒకమ్మాయి సంక్రాంతి సెలవుల్లో వచ్చి చెప్పింది. చెరువుల పునరుద్ధరణ మీద మాట్లాడటానికి ఒక ఇంజినీరు వచ్చారట. ఆమె తాత చెరువు నీళ్లు పంచే నీరుగంటి. తూము ఎప్పుడు తెరవాలి, ఏ మడికి ముందు పారించాలి అనేవి ఇంట్లో వింటూ పెరిగిన పిల్ల. హాలులో మాట రాలేదు. మెస్సులో ఆయన దగ్గరికి వెళ్లి, సగం కన్నడం సగం తెలుగులో చెప్పిందట. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి నోటుబుక్కు తీశారట. ‘మా తాత చెప్పినవే సార్, ఆయన రాసుకున్నారు’ అని రెండుసార్లు చెప్పింది.

హాస్టల్లో చేర్చే ముందు తల్లిదండ్రులు తిండి, ఫీజు, నీళ్లు, కాపలా గురించి అడుగుతారు. అడగాల్సిందే. దాంతో పాటు ఇంకొకటి అడగండి: సాయంత్రాలు ఏం జరుగుతుంది? గత ఏడాది ఎవరెవరు వచ్చారు, పిల్లలకు వాళ్లతో కూర్చునే వీలు కలిగిందా? శాలువా, జ్ఞాపిక, అరగంట పరిచయ వాక్యాలు, ఫొటోలతో ముగిసే కార్యక్రమాలైతే వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. అలాంటివి మన బడుల్లోనూ బోలెడు.

హాస్టల్ లేని చిన్న బడికి ఇదంతా ఎందుకనుకోకండి. ఈ ఏడు మేము నెలకొకరిని పిలుస్తున్నాం. మాట ఇరవై నిమిషాలు, ప్రశ్నలకు ఎంతసేపైనా. ప్రశ్నలు ముందురోజే తెలుగులో చీటీల మీద రాసి పెట్టెలో వెయ్యాలి, దాంతో బెరుకు పిల్లలకూ వంతు వస్తుంది. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్‌కు వెళ్లే పట్టు రీలర్ వచ్చినప్పుడు, ఆరో తరగతి పిల్లాడొకడు ‘పురుగు చచ్చిపోతుందని బాధేయదా?’ అని రాశాడు. ఆయన చాలాసేపు మాట్లాడారు. మధ్యాహ్న భోజనం గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

వచ్చే నెలకు పశువుల డాక్టరు ఒప్పుకున్నారు. పెట్టెలో అప్పుడే పదకొండు చీటీలు పడ్డాయి. నాలుగు మేకల గురించే.