ట్రినిడాడ్ వంటింట్లో మన మాటలు

ట్రినిడాడ్ అనగానే మనిళ్లలో మగవాళ్లకు బ్రయన్ లారా గుర్తొస్తాడు. ఆడవాళ్లం తెలుసుకోవాల్సింది మాత్రం అక్కడి వంటిల్లు!

1845 మే 30న కలకత్తా నుంచి చెరకుతోటల కూలీలతో 'ఫతెల్ రజాక్' ఓడ ఆ దీవి చేరింది. 1917 దాకా ఈ కూలీల వలస సాగింది. మద్రాసు రేవు నుంచీ కొందరు వెళ్లారు. వాళ్ల మునిమనవలకు ఇప్పుడు ఇంగ్లీషే మాతృభాష. భోజ్‌పురి దాదాపు పోయింది. కానీ ఆలూ, దాల్, రోటీ, బైగన్ చోఖా పోలేదు. బడి నేర్పని మాటల్ని పొయ్యి దగ్గర ఆడవాళ్లే కాపాడారు మరి!

వెళ్తే పొద్దున్నే వీధి బండి దగ్గర 'డబుల్స్' తినండి. పసుపు కలిపిన రెండు మెత్తటి 'బారా'ల మధ్య శనగల కూర. కారం 'కొంచెం' అనే చెప్పండి, గుంటూరు వాళ్లయినా సరే! పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి కొండదారిన వెళ్తే కొబ్బరిచెట్ల మరకాస్ తీరం. అక్కడ వేయించిన రొట్టెలో సొరచేప ముక్క పెట్టిస్తారు. శాకాహారులకు చామాకు, బెండకాయ, కొబ్బరిపాలతో వండే 'కల్లలూ' ఉంది. పీత వేశారేమో ముందే అడగండి.

ఫ్రెడరిక్ వీధిలో బట్టలు ఎన్నో ఉంటాయి. అయినా కోకో ఉండలు, మిరప పచ్చడి సీసా కొనుక్కోవడం మేలు.

పిల్లలు పరాయిదేశంలో తెలుగు మరిచిపోతారని బెంగా? పప్పుని పప్పనే, పులుసుని పులుసనే పిలిచి వడ్డించండి. కంచంలో మాట అంత తేలిగ్గా పోదు.